అత్తగారి వాన మీద అభిశంసన

మా అత్తగారు తుమ్మితే కుజపురంలో చినుకు పడుతుంది. ఇది అల్లుడు అత్తగారి మీద చేసే వేళాకోళం కాదు. ఆ ఏర్పాటు చేసింది మా ప్రయోగశాల, దానికి పెద్దని నేను. ఆవిడ పేరు వర్ధనమ్మ, కుజపురానికి అధ్యక్షురాలు. కాబట్టి ప్రతిపక్ష నాయకుడు గవర్రాజుగారి బహిరంగ సభ మీద, సరిగ్గా ఆ సభ మీదే, పక్క వీధిలో దుమ్ము కూడా అణగకుండా కుండపోతగా వాన కురిసిందంటే ఊరంతా ఎవరి వంక చూసిందో వేరే చెప్పాలా? ముందు ఆవిడ వంక చూసింది, ఆ తర్వాత నా వంక చూసింది.

కుజపురం అంటే అంగారక గ్రహం మీద ఒక లోయకి గాజుకప్పు వేసుకుని మా తాతలు కట్టుకున్న ఊరు. ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ కుజదోషమే కాబట్టి పెళ్ళిళ్ళకి జాతకాలు చూడడం ఎప్పుడో మానేశాం. ఆ మిగిలిన ఓపికంతా రాజకీయాలకి వాడుతున్నాం. వరి పండించేవాళ్ళది తడి పార్టీ, వాళ్ళకి ఎంత వానైనా చాలదు. జొన్నలు, రాగులు పండించేవాళ్ళది పొడి పార్టీ, వాళ్ళకి ఏ వానైనా ఎక్కువే. మా అత్తగారిది పొడి పార్టీ, గవర్రాజుగారిది తడి పార్టీ. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాన కావాలని గొంతు చించుకున్న తడివాళ్ళు ఇప్పుడు వాన పడిందని గగ్గోలు పెట్టారు. మబ్బు కనిపిస్తేనే శాపనార్థాలు పెట్టే పొడివాళ్ళు అంత చక్కటి వాన మళ్ళీ చూస్తామో లేదో అని మురిసిపోయారు. ఇదంతా చూసి నేను తల పట్టుకున్నాను.

పూర్వం మా వానని ఒక లెక్కల యంత్రం చూసుకునేది. ఊరందరికీ సగటున సరిపోయే వాన కురిపించేది, అంటే ఏ ఒక్క చేనుకీ సరిపోని వాన. ఆ తర్వాత మా ప్రయోగశాల మేఘసూత్రం కనిపెట్టింది. వెంట్రుకంత తీగ, చెవి వెనక చర్మం కింద పెడతాం. అది పెట్టించుకున్న మనిషికి లోయంతా సొంత ఒళ్ళులా తెలుస్తుంది. తూర్పు పొలం ఎండితే ఆ మనిషికి గొంతు ఆరిపోతుంది. తడుపుకోవాలని అనిపించగానే ఆ పొలం పైన, కప్పుకి చుట్టిన గొట్టాలు చల్లబడి చినుకులు రాలతాయి. పంటలు రెట్టింపయ్యాయి. ఊరి వానంతా ఒక్కరి ఒంట్లో ఉన్నప్పుడు ఆ ఒక్కరినీ ఓట్లేసి ఎన్నుకోవడం న్యాయం కదా. ఆ పదవికే అధ్యక్ష పదవి అని పేరు పెట్టుకున్నాం.

చిక్కల్లా ఏమిటంటే, గొట్టాలకి దాహమూ ఒకటే, దుఃఖమూ ఒకటే. మనసులో ఏది పొంగినా పైన నీళ్ళే. అందుకని అధ్యక్షులకి పథ్యం ఉంటుంది. చప్పిడి కూడు, చల్లారిన కాఫీ. నాటకాలకి వెళ్ళకూడదు, పెళ్ళిళ్ళలో అప్పగింతల దాకా కూర్చోకూడదు. పదవిలోకి వచ్చిన కొత్తలో అత్తగారు ఆశపడి ఒక్క పచ్చిమిరపకాయ కొరికితే బంగళా పక్కనున్న బండరాళ్ళ మీద పూటంతా జల్లు పడింది. అప్పట్నుంచీ ఆవిడ ముఖం ఏ భావమూ లేకుండా, తుడిచిపెట్టిన పలకలా ఉంటుంది.

అలాంటి మనిషి మీద మహాసభలో అభిశంసన తీర్మానం వచ్చింది. ప్రజల నీళ్ళని సొంత కసికి వాడుకున్నారన్నది ఆరోపణ. మా ఊళ్ళో దొంగతనం చేసినవాణ్ణి క్షమిస్తారు గానీ నీళ్ళు దుబారా చేసినవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వరు. తీర్మానం నెగ్గితే మేఘసూత్రం తీసేస్తారు. అంతటితో అయిపోదు, ఆవిడ బతికినన్నాళ్ళూ నీటిద్రోహి అన్న పేరు మోయాలి. తీర్మానం మీద మొదటి సంతకం గవర్రాజుగారిది. రెండోది మా ఆవిడ హైమది.

"సంతకం పెట్టేముందు నాతో ఒక్క మాట అనచ్చు కదా?" అన్నాను అన్నం దగ్గర.

"అంటే ఏం చేసేవారు?"

"పెట్టొద్దనేవాణ్ణి."

"అందుకే అనలేదు" అంది హైమ, నా కంచంలో వద్దన్న కూరే ఇంకాస్త వేస్తూ. ఆవిడ తడి పార్టీ తరఫున మహాసభ సభ్యురాలు. అధ్యక్షురాలి ఏకైక కూతురు కూడా.

"మీ అమ్మ కావాలని ఆ వాన కురిపించిందని నువ్వు నిజంగా నమ్ముతున్నావా?"

హైమ గరిటె కింద పెట్టింది. "కావాలని కురిపించి ఉంటే సంతోషిస్తానండీ. కనీసం కోపమన్నా వచ్చిందని. నాన్న పోయిన రోజు గుర్తుందా? నాన్నని తీసుకెళ్తుంటే అమ్మ అరుగు మీద నిలబడి, పడమటి పొలాలకి నీళ్ళందాయా అని అడిగింది. కంట్లో చుక్క లేదు."

"ఏడిస్తే వాన వస్తుంది హైమా. అప్పుడు పంట పూత మీద ఉంది."

"తెలుసు, వస్తుంది. రానివ్వండి. నాన్న కోసం ఈ ఊరు ఒక్కరోజు తడవకూడదా?" అంది. "ఆ వారమే నేను తడి పార్టీలో చేరాను. మీరంతా సిద్ధాంతం అనుకున్నారు."

ఆ కూర మొత్తం తినేశాను, ఎందుకైనా మంచిదని.

మహాసభ మా ప్రయోగశాలకి ఒక పని అప్పగించింది. అధ్యక్షురాలికి కోపం వస్తే వాన పడుతుందా, పడదా, రెండు పార్టీల సాక్షుల ముందు తేల్చాలి. ఊరి మీద గొట్టాలన్నిటినీ ఆ పూటకి లెక్కల యంత్రానికి ఒప్పజెప్పి, ప్రయోగశాల పెరటి పైనున్న ఒక్క గొట్టాన్ని అత్తగారికి వదిలాం. పెరట్లో ఒక పక్క తడివాళ్ళు, ఇంకో పక్క పొడివాళ్ళు, నడుమ కుర్చీలో అత్తగారు. ఇక ఆవిడకి కోపం తెప్పించాలి. ఆ భారం గవర్రాజుగారు సంతోషంగా నెత్తినేసుకున్నారు. ఆయన కుర్రతనంలో నాటకాలాడిన మనిషి. కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని ముందుకొచ్చారు.

"ఏవండీ వర్ధనమ్మగారూ! తమరికి సిగ్గుందా అంటాను? ఉంటే కాస్త అప్పివ్వండి, మీ పార్టీవోళ్ళకి పంచిపెడతాను. అయ్యబాబోయ్, ఏం పాలనండీ ఇది! మీరొచ్చాక మా చేలల్లో కప్పలు కూడా పొడి దగ్గు దగ్గుతున్నాయండీ!"

అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు. నేను పైకి చూశాను. గొట్టం పొడిగా ఉంది. గవర్రాజుగారు ఆవిడ పాలనని తిట్టారు, పార్టీని తిట్టారు, చివరికి నన్ను కూడా తిట్టారు. "అల్లుడికి పదవిచ్చారు, ఆ అల్లుడికేమో గొట్టానికీ గొడుక్కర్రకీ తేడా తెలీదు!" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అత్తగారికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"చూశారా, కోపానికి వాన పడదు!" అని అరిచారు పరంజ్యోతిగారు. ఆయన పొడి పార్టీ నాయకుడు, జొన్న చేలు బాగా ఉన్న మనిషి.

"కోపం రాలేదు కాబట్టి పడలేదు! తిట్టు సరిపోలేదు!" అని తడివాళ్ళు అరిచారు.

ఆ మాటకి గవర్రాజుగారికి పౌరుషం వచ్చింది. తిట్లు అయిపోయాయి కాబోలు, లేని కళ్ళజోడుని ముక్కు మీదకి వేలితో నెట్టుకుని, మెడ కాస్త పక్కకి వాల్చి, అచ్చు మా అత్తగారి గొంతుతో, "అది సరే గానీ, దీనికి ఒక పద్ధతంటూ ఉంది కదా?" అన్నారు.

టప్పుమని నా ముక్కు మీద ఒక చినుకు పడింది. ఇంకోటి పరంజ్యోతిగారి బట్టతల మీద పడింది. నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ పెదవులు బిగబట్టి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"ఆపండి!" అన్నారు. "ఇవాళ్టికి చాలు."

సాక్షులు రెండు ముక్కలయ్యారు. ఎట్టకేలకి కోపం వచ్చింది, వాన పడింది, ఇంకేం కావాలన్నారు తడివాళ్ళు. గొట్టం కారుతోంది, ప్రయోగశాల నిర్వహణ అధ్వానం అన్నారు పొడివాళ్ళు. నేను మాత్రం ఆవిడ ముఖం చూశాను. ఒకరికి కోపం వచ్చినప్పుడు ముఖం ఎలా ఉంటుందో హైమని చేసుకున్న నాకు బాగా తెలుసు. అది కోపం కాదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారి బంగళాకి వెళ్ళాను. వంటింట్లో పీట వేసుకుని సొరకాయ తరుగుతున్నారు. నన్ను చూసి లేవబోయారు. అధ్యక్షురాలైనా, ఆరోపణలున్నా, అల్లుడొస్తే లేవడం ఆవిడ మానలేదు.

"కూర్చోండి అత్తయ్యగారూ. ఒక్కటే అడుగుతాను. ఆ సభ రోజు గవర్రాజుగారు వేదిక మీద మిమ్మల్ని అనుకరించారా?"

ఆవిడ కత్తిపీట పక్కకి వాల్చారు. "సభ మా ఎదుటి మైదానంలోనే కదా బాబూ. మైకులో అంతా వినిపించింది. కిటికీలోంచి చూశాను కూడా. కళ్ళజోడు నెట్టుకోవడం, మెడ వాల్చడం, అచ్చు మీ మామయ్యగారే."

"మామయ్యగారా?"

"నన్నలా ఆట పట్టించేది ఆయనొక్కరే. నేను దేనికైనా వద్దనే లోపు, నాకంటే ముందు ఆయనే నా గొంతుతో వద్దనేవారు. పద్ధతంటూ ఉంది కదా అని. నవ్వలేక చచ్చేదాన్ని. పదవిలోకి వచ్చాక కూడా మానలేదు. ఇంటి వెనకున్న ఆ పచ్చగడ్డంతా ఏ పొలానికీ సంబంధం లేని వానకి పెరిగిందే. మీరెప్పుడూ అనుమానపడలేదు."

నిజమే, నేనెప్పుడూ అనుమానపడలేదు. నేల మంచిదనుకున్నాను.

"ఆ రోజు కిటికీ దగ్గర ముందు నవ్వే వచ్చింది" అన్నారు ఆవిడ. "ఎన్నాళ్ళకో వచ్చింది కదా, పోనీలే కాస్త నవ్వుకుందాం అనుకున్నాను. దాని వెనకే రెండోది తోసుకొచ్చేసింది. పట్టుకోలేకపోయాను. పాపం వాళ్ళంతా తడిసిపోయారు."

ఆవిడ జాలిపడుతున్నది తడిసినవాళ్ళ గురించి. "మామయ్యగారు పోయినప్పుడు మీరు..."

"పూత మీద ఉంది కదా బాబూ పంట. కోతలయ్యాక ఏడుద్దామనుకున్నాను. కోతలయ్యాయి, నాట్లు మొదలయ్యాయి. నాట్లయ్యాక అనుకున్నాను, మళ్ళీ పూత వచ్చింది." సొరకాయ ముక్కలు గిన్నెలోకి ఎత్తారు. "ఒక్క పంటకాలం లెక్కల యంత్రం నడపండి, నన్ను వదలండి అని మా పార్టీవాళ్ళని అడిగాను. సగం పంట పోతుంది, తడివాళ్ళు మన నెత్తినెక్కుతారు అన్నారు. ఉపాధ్యక్షుణ్ణి పెట్టి అతనికీ ఒక తీగ ఇవ్వండి అన్నాను. ఆ ఉపాధ్యక్షుడు ఏ పార్టీవాడు కావాలన్న తగువు ఇప్పటికీ తెగలేదు. రాజీనామా చేస్తానన్నాను. మహాసభ ఒప్పుకుంటేనే చెల్లుతుందట. మావాళ్ళు ఒప్పుకోరు."

"అయితే అభిశంసన?"

"దేవుడిచ్చిన దారి" అన్నారు నిదానంగా. "నెగ్గనివ్వండి. తీగ తీసేస్తారు."

"కానీ ఆరోపణ అబద్ధం కదా! జీవితాంతం నీటిద్రోహి అంటారు."

"అననివ్వండి. ఆ మాట బయట అంటారు. నేను ఇంట్లో తలుపేసుకుని మీ మామయ్యగారి కోసం ఏడుస్తాను. నాకు కావలసింది అదొక్కటే అల్లుడుగారూ. హైమకి మాత్రం ఈ సంగతి చెప్పకండి."

చెప్పనని మాట ఇచ్చాను. ఇంటికి వెళ్ళి, చెప్పులు విప్పకుండానే చెప్పేశాను.

హైమ కడిగిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ కడిగింది. "నేను అడగలేదు కదా" అంది. "ఎందుకు ఏడవలేదని అందరితోనూ అన్నాను. ఆవిణ్ణి మాత్రం అడగలేదు." అప్పుడు తను ఏడ్చింది. తనకి ఏ తీగా లేదు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. నేను పక్కన కూర్చున్నాను.

ముఖం కడుక్కుని వచ్చి, వేళ్ళ మీద లెక్కలు మొదలుపెట్టింది. "మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. మా తడివాళ్ళొక్కరే చాలరు. పొడివాళ్ళు కూడా కొందరు కలవాలి. అమ్మ నిండు సభలో చెప్తే కాదనలేక కలుస్తారు. కానీ పొడివాళ్ళు కలిశారంటే మావాళ్ళు జారుకుంటారు."

"అదేమిటి? తీర్మానం పెట్టిందే మీరు కదా?"

"మీకు గొట్టాలు తెలుసు గానీ పార్టీలు తెలీవండీ" అంది మా ఆవిడ జాలిగా.

తీర్మానం మీద చర్చ రోజు మహాసభ కిటకిటలాడింది. మా మహాసభకి కప్పు లేదు. ఊరంతటికీ ఒక కప్పు ఉండగా మళ్ళీ ఇంకోటెందుకని మా తాతలు వెయ్యలేదు. చుట్టూ జనం, చేతుల్లో అట్టలు. తడివాళ్ళ అట్టల మీద దిగాలి అని, పొడివాళ్ళ అట్టల మీద ఉండాలి అని రాసి ఉంది. నన్ను సాక్షిగా నిలబెట్టి, ఆ వాన కోపం వల్ల వచ్చిందా అని సభాపతి అడిగారు.

"మేఘసూత్రానికి మనసు ఎంత పొంగిందో తెలుస్తుంది, ఎందుకు పొంగిందో తెలీదు" అన్నాను.

"అంటే కోపమే!" అన్నారు తడివాళ్ళు. "అంటే కోపం కాదు!" అన్నారు పొడివాళ్ళు. చదువుకున్నది ఇందుకా అనిపించింది.

అప్పుడు అత్తగారు లేచారు. సభ సద్దుమణిగింది. "మా పార్టీ సభ్యులకి ఒక మనవి" అన్నారు, ఎప్పటిలాగే చప్పటి గొంతుతో. "తీర్మానానికి అనుకూలంగా ఓటెయ్యండి. నన్ను దింపెయ్యండి."

పొడివాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. పరంజ్యోతిగారు పక్కవాళ్ళతో గుసగుసలాడారు. నిండు సభలో నాయకురాలి మాట కాదంటే పార్టీ క్రమశిక్షణ ఏం కావాలి? ఆయన లేచి నీళ్ళు నమిలి, "అధ్యక్షురాలి ఆదేశం ప్రకారం, అధ్యక్షురాలిని దించాలని మా పార్టీ డిమాండ్ చేస్తోంది" అన్నారు.

గవర్రాజుగారు కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. "అధ్యక్షా! ఇందులో ఏదో మతలబుందండీ! వాళ్ళు దిగుతామంటే మనం దింపేస్తామా? అంత ఎర్రిబాగులోళ్ళమా మేము? ఆవిడ కుర్చీలోనే ఉండాలి! ఎలా దిగుతారో చూస్తాం!"

తడివాళ్ళంతా బల్లలు చరిచారు. బయట జనం అయోమయంలో పడ్డారు. అట్టలు మార్చుకుంటే సరిపోయేది, కానీ ఎదుటి పార్టీ అట్ట ముట్టుకోవడం ఇష్టంలేక ఎవరికి వాళ్ళు సొంత అట్టల మీద అక్షరాలు కొట్టేసుకుని కొత్తవి రాసుకున్నారు. పావుగంటలో దించాలన్నవాళ్ళు ఉంచాలని, ఉంచాలన్నవాళ్ళు దించాలని, అంతే కసితో, అవే గొంతులతో అరుస్తున్నారు. అత్తగారు కూర్చుండిపోయారు. ఆ ముఖంలో ఏమీ కనిపించలేదు. అయినా ఆవిడ ఆశ ఆవిరైపోతోందని నాకు తెలుసు. నాకే ఏడుపొచ్చింది.

అప్పుడు హైమ లేచింది. "అధ్యక్షా, తీర్మానం మీద సంతకం పెట్టిన సభ్యురాలిగా నాకు ఒక హక్కుంది. ఆ రోజు సభలో ఏం జరిగిందో మహాసభ కళ్ళారా చూడాలి. గవర్రాజుగారూ, ఆ రోజు వాన వచ్చేముందు వేదిక మీద మీరు ఏం చేశారో అది ఇక్కడ చెయ్యండి."

"ఇక్కడా? సభామర్యాద కాదేమోనమ్మా" అన్నారు గవర్రాజుగారు. కానీ ఆయన చెయ్యి అప్పటికే కండువా సర్దుకుంటోంది. నటుణ్ణి అడిగితే కాదంటాడా?

అత్తగారు కూతురి వంక చూసి తల అడ్డంగా ఊపారు. "హైమా, వద్దు. కళ్ళాల మీద జొన్న ఉంది. ఆరబోసి ఉంది."

"తడవనీ అమ్మా" అంది హైమ.

గవర్రాజుగారు సభ మధ్యకి వచ్చారు. లేని కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. మెడ వాల్చారు. "అది సరే గానీ, దీనికి ఒక పద్ధతంటూ ఉంది కదా?" అన్నారు. ఆగి, సభ మొత్తాన్నీ కళ్ళజోడు మీంచి చూసి, "పద్ధతి లేకపోతే, పద్ధతి కోసం ఒక పద్ధతి వెయ్యాలి!" అన్నారు.

అత్తగారు నవ్వారు. ముందు ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత పొట్ట పట్టుకుని. నేను అల్లుణ్ణయిన తర్వాత ఆవిడ పళ్ళు చూడడం అదే మొదటిసారి. కప్పు మీద గొట్టాలు చల్లబడి తెల్లటి ఆవిరి కమ్మింది. తర్వాత ఆ నవ్వు విరిగిపోయింది. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నారు. వాన మొదలైంది.

అది ఒక వీధి వాన కాదు. ఊరంతా వాన. తడివాళ్ళ మీదా పొడివాళ్ళ మీదా ఒకేలా పడింది. పరంజ్యోతిగారు కళ్ళాల మీదున్న జొన్న తలుచుకుని పరిగెత్తబోయి, అత్తగారి వంక చూసి, మళ్ళీ కూర్చున్నారు. అట్టల మీది అక్షరాలన్నీ కరిగి, ఉండాలో దిగాలో తెలీకుండా అలుక్కుపోయాయి.

హైమ వెళ్ళి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. అత్తగారు తలెత్తారు. "క్షమించండి" అన్నారు సభతో. "ఇది కోపం కాదు. నన్నలా ఆట పట్టించే మనిషి పోయారు. అప్పుడు పంట పూత మీద ఉంది. ఏడవడానికి వీల్లేకపోయింది. గవర్రాజుగారు అచ్చు ఆయనలాగే చేస్తున్నారు."

గవర్రాజుగారు జుట్టులోంచి నీళ్ళు కారుతూ నిలబడ్డారు. "అమ్మా," అన్నారు చాలా మెల్లిగా, "ఆయన నాకంటే బాగా చేసేవారాండీ?"

"మీకంటే బాగా" అన్నారు అత్తగారు. "కానీ మీరూ బాగానే చేస్తున్నారు."

గవర్రాజుగారు కండువాతో కళ్ళు ఒత్తుకుని సభాపతి వైపు తిరిగారు. "అధ్యక్షా, తీర్మానంలో కసి అన్న ముక్కా, నీటిద్రోహి అన్న ముక్కా కొట్టేయించండి. శిక్ష అన్న చోట సెలవు అని రాయించండి. ఈవిణ్ణి దింపేద్దాం. మర్యాదగా దింపేద్దాం."

"లెక్కల యంత్రం నడిపితే సగం పంట పోతుంది" అని గుర్తుచేశాను. నా ఉద్యోగం అది.

"పోతే పోయింది" అన్నారు పరంజ్యోతిగారు. "జొన్న ఎలాగూ తడిసింది." ఆ మాట ఆయన నోటి వెంట వచ్చినందుకు పొడివాళ్ళే ముక్కున వేలేసుకున్నారు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఒక అధ్యక్షురాలిని రెండు పార్టీలూ కలిసి, అందరూ కళ్ళు తుడుచుకుంటూ దించడం మా ఊళ్ళో ఎన్నడూ జరగలేదు. ఆ ఐకమత్యం బయటికి వచ్చే దాకా కూడా నిలవలేదు. ఆవిడకి సెలవు ఇప్పించిన ఘనత ఏ పార్టీదన్న దాని మీద గుమ్మం దగ్గరే మళ్ళీ మొదలుపెట్టారు. నేను వినకుండా ప్రయోగశాలకి పరిగెత్తాను, లెక్కల యంత్రాన్ని నిద్రలేపాలి.

తీగ తియ్యడం పెద్ద పని కాదు. అత్తగారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు, హైమ ఆవిడ చెయ్యి పట్టుకుంది. తీగ బయటికి వచ్చాక అత్తగారు మెడ తడుముకుని, "తూర్పు పొలం తెలియడం లేదు" అన్నారు ఆశ్చర్యంగా. "ఏదీ తెలియడం లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను."

"అంతే అత్తయ్యగారూ. ఇక మీరొక్కరే."

"ఇప్పుడు నేనేం చేసినా పైన ఏమీ కాదు కదా?"

"ఏమీ కాదు."

"అయితే మీరు కాస్త బయటికి వెళ్ళండి బాబూ" అన్నారు. హైమ లోపలే ఉండి తలుపు వేసుకుంది.

పెరట్లో గవర్రాజుగారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎలా ఉందో కనుక్కుందామని వచ్చారట. జవాబు చెప్పేలోపే లోపల నుంచి ఏడుపు వినిపించింది. ఎవరికీ భయపడని, గొంతెత్తిన ఏడుపు. దానికి ఇంకో గొంతు కూడా కలిసింది.

గవర్రాజుగారు అలవాటు కొద్దీ గొడుగు విప్పారు. పైకి చూసి, మళ్ళీ ముడిచేశారు. ఎండ కాస్తోంది.